శ్రుతయ్య చెప్పిన సమాధానం

చర్చిలో అందరూ అతన్ని శ్రుతయ్య అనే పిలిచేవాళ్ళు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉంది, కానీ అది కాలేజీ హాజరుపట్టీకే పరిమితం. హార్మోనియం ముందు కూర్చున్నాడంటే ఇక ఎవరినీ లెక్కచేసేవాడు కాదు. పాట మధ్యలో ఎవరి గొంతైనా కాస్త జారితే చాలు, చెయ్యి ఆపేసి తలెత్తి చూసేవాడు. మళ్ళీ మొదటినుంచీ పాడాల్సిందే. ముసలమ్మలు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. "వీడు గనక అయ్యగారైతే మన ప్రార్థనలు కూడా మధ్యలో ఆపించి మళ్ళీ చేయిస్తాడే" అని వాళ్ళలో ఒకావిడ అంటే, గంట తాడు దగ్గర నిలబడ్డ అతని తండ్రి పొంగిపోయేవాడు.

తండ్రిది ఆ చర్చిలోనే పని. నేల ఊడవాలి, బెంచీలు తుడవాలి, ఆదివారం గంట కొట్టాలి. పాస్టరుగారిని అందరూ 'అయ్యగారూ' అంటారు కదా, తన కొడుకుని కూడా ఎవరైనా అలా పిలవగా వినాలని ఆయన ఆశ. "ఆ ఒక్క పిలుపు నా చెవిన పడితే చాలు, ఆ తర్వాత ఈ గంట ఎవరు కొట్టుకున్నా నాకనవసరం" అనేవాడు. కొడుకు వేదాంత కళాశాలలో ఆఖరి సంవత్సరానికి వచ్చాడు. ఇక మిగిలింది సొంత సంఘంలో ఒక ప్రసంగం. అది విని సంఘపెద్దలు తలూపితే అతనూ అయ్యగారే.

చదువుతోపాటు శ్రుతయ్యకి ప్రశ్నల జబ్బు కూడా పట్టుకుంది. పాటలో అపస్వరం పడితే ఆపి సరిచేసుకుంటాం, బతుకులో పడితే మాత్రం కళ్ళు మూసుకుని పాడుకుంటూ ఎందుకు పోతాం? ఒకే బెంచీ మీద కూర్చుని ప్రార్థన చేసేవాళ్ళలో ఒకడు ఎప్పుడూ మురుగులోకి దిగేవాడు, ఇంకొకడు ఎప్పుడూ ఒడ్డున నిలబడేవాడు ఎలా అవుతున్నారు? ఎవడో చేసిన దానికి దేవుడి చిత్తం అని పేరు పెడితే దేవుడు ఊరుకుంటాడా? ఒకరోజు ఉండబట్టలేక క్లాసులో లేచి అడిగేశాడు. ప్రొఫెసరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మంచి ప్రశ్న. పరీక్షలో రాదు, కూర్చో" అన్నారు.

పాటల బృందంలో మంద్రంగా పాడే అడుగు గొంతు ఒక్కడిదే ఉండేది. అతను మురుగు కాలవలు శుభ్రం చేసే పనివాడు. ఆ గొంతు కింద మోగుతుంటే పైన ఎవరెలా పాడినా పాట నిలబడేది. శ్రుతయ్య అతన్ని అన్నా అనేవాడు. "అన్నా, నువ్వు నూతిలోంచి పాడుతున్నట్టుంటుంది" అని ఆటపట్టించేవాడు. "నూతిలోనేగా తమ్ముడూ మన ఉద్యోగం" అని అతను పకపకా నవ్వేవాడు.

ఒక మధ్యాహ్నం ఆ అన్న మూత తీసి మ్యాన్‌హోల్లోకి దిగాడు, మళ్ళీ పైకి రాలేదు. లోపల విషవాయువు. నడుముకి తాడు లేదు, ముఖానికి ముసుగు లేదు. లేక కాదు. వాడితే పాడైపోతాయని కాంట్రాక్టరు వాటిని షెడ్డులో పెట్టి తాళం వేశాడు. ఆ కాంట్రాక్టరు ఎవరో కాదు, సంఘపెద్దలందరిలోకీ పెద్దాయన. సమాధి దగ్గర అందరికంటే ఎక్కువ ఏడ్చింది కూడా ఆయనే. అది దొంగ ఏడుపైతే ఎంత బాగుండేది! నిజంగానే ఏడ్చాడు, అదే చిక్కు.

ఆ వారంలోనే అన్న భార్య పాటల గదికి వచ్చింది. శ్రుతయ్య హార్మోనియం మెట్లు తుడుస్తున్నాడు.

"ఆదివారం ప్రసంగం నీదేనటగా తమ్ముడూ."

"అవును వదినా. కూర్చో."

ఆవిడ కూర్చోలేదు. "అయ్యగారి దగ్గరకి వెళ్ళొచ్చాను. తాడు ఎందుకియ్యలేదో పెద్దాయన్ని అడగండి, నాకు సమాధానం కావాలి అన్నాను. ఆయన నా తలమీద చెయ్యి పెట్టి, 'తప్పకుండా సమాధానం కలుగుతుందమ్మా' అని ప్రార్థన చేసి పంపేశారు."

చర్చి మాటల్లో సమాధానం అంటే మనశ్శాంతి. వీధిలో సమాధానం అంటే జవాబు. ఆవిడ వీధి మాట అడిగితే అయ్యగారు చర్చి మాట ఇచ్చారు. ఇంకో రోజైతే శ్రుతయ్య పడీ పడీ నవ్వేవాడే.

"నువ్వడుగు తమ్ముడూ. నలుగురిలో అడిగితే చెప్పక చస్తాడా? 'తప్పు పాడితే వాడు ఊరుకోడే' అని మీ అన్న నీ గురించి ఎప్పుడూ అనేవాడు."

"అడుగుతాను వదినా" అన్నాడు శ్రుతయ్య. ఆ మాట మనసారా అన్నాడు, అందులో అబద్ధం లేదు.

ఆదివారం వచ్చింది. తండ్రి స్వయంగా ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని శ్రుతయ్య హార్మోనియం ముందు కూర్చున్నాడు. అడుగు గొంతు లేని పాట గాలిలో తేలిపోయింది, ఒకరి శ్రుతి ఒకరికి కలవలేదు. అతను ఆపలేదు. ఆపకపోవడం అదే మొదటిసారి.

తర్వాత ప్రసంగానికి లేచాడు. మొదలు బాగానే పెట్టాడు. మన మధ్య పాడిన ఒక గొంతు ఈరోజు లేదన్నాడు. అతను తనంతట తాను దిగలేదు, ఎవరో దింపారన్నాడు. జనం కదలకుండా వింటున్నారు. వెనక బెంచీలో వదిన తలెత్తింది. శ్రుతయ్య గొంతు పెంచాడు.

"మన వదినకి సమాధానం కావాలి!"

"ఆమేన్!" అన్నారు ముందు వరుసలోంచి పెద్దాయన. వెంటనే చర్చి చర్చంతా "ఆమేన్" అంది.

అలవాటు అలాంటిది. ఆ గోడల మధ్య ఆ మాటకి ఇంకో అర్థం ఎవరికీ తట్టదు. తట్టాల్సింది అతనికి, అతనే మర్చిపోయాడు. పోనీ, అప్పటికీ మించిపోయింది లేదు. 'నేనడిగేది జవాబు' అంటే సరిపోయేది. శ్రుతయ్య పెద్దాయన్ని చూశాడు. ఆయన కళ్ళు మూసుకుని రెండు చేతులూ చాచి ఉన్నారు, చెంపలు తడిగా ఉన్నాయి. తలుపు దగ్గర తండ్రిని చూశాడు. గంట తాడు పట్టుకుని, పెదవులు కదుపుతూ కొడుకు కోసం ప్రార్థన చేసుకుంటున్నాడు. వదిన వైపు చూడలేకపోయాడు. 

"ఆ సమాధానమే మనందరికీ కలుగును గాక" అన్నాడు చివరికి.

మళ్ళీ ఆమేన్. దిగివచ్చి హార్మోనియం ముందు కూర్చుంటే వేళ్ళు వాటంతట అవే వాయించుకుపోయాయి. ఇంత సిగ్గు ఒక మనిషి ఒంట్లో పడుతుందని అతనికి అంతవరకూ తెలియదు. తాడు షెడ్డులో పెట్టి తాళం వేసినవాడికీ, మాట నోట్లో ఉంచుకుని మింగినవాడికీ తేడా ఏమిటి? ఏ కళాశాలలో అడిగినా ఆ ప్రశ్న పరీక్షలో రాదు.

ఆరాధన అయ్యాక పెద్దాయన అతన్ని గుమ్మం దగ్గర నిలబెట్టి భుజమ్మీద చెయ్యి వేశారు. "సమాధానం మీద ఇంత చక్కటి ప్రసంగం నేనీమధ్య వినలేదు. ఇక మాకేం సందేహం లేదు" అన్నారు. తండ్రి పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జనం ఒక్కొక్కరే చేతులు కలిపి వెళ్ళిపోతున్నారు.

అందరికంటే ఆఖరున వదిన వచ్చింది. "వదినా..." అన్నాడు శ్రుతయ్య. ఆవిడ చెయ్యి అందుకోలేదు. పరాయివాళ్ళకి పెట్టినట్టు దూరం నుంచే దణ్ణం పెట్టింది.

"నాకు సమాధానం దొరికింది, అయ్యగారూ."

"స్తోత్రం!" అన్నారు పెద్దాయన.

ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది. తండ్రి గబుక్కున కొడుకు చేతులు రెండూ పట్టుకున్నాడు. ఆయన కళ్ళనిండా నీళ్ళు.

"విన్నావురా? అయ్యగారూ అంది!"