గోదావరి ఇసుకలో మావయ్యగారి చెయ్యి

ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలియడం లేదు. ఇది ఒక చేతి గురించిన సంగతి కాబట్టి చేతితోనే మొదలుపెడతాను. అది మా మావయ్యగారి కుడిచెయ్యి.

మాది పెడన. మా అత్తవారిది గుడ్డల మీద అచ్చులు వేసే పని, కలంకారీ అంటారే, అది. చెక్క అచ్చును రంగులో అద్ది, ఎడమచేత్తో గుడ్డ మీద పెట్టి, కుడిచేతి పిడికిలితో దాని వీపు మీద ఒక్క దెబ్బ వెయ్యాలి. ముందు నల్లగీత పడాలి. ఆ గీత నిలిస్తేనే తరువాత ఎర్రరంగు ఎక్కించినా, కాలవలో ఉతికినా గుడ్డకు అందం. మా ఇంట్లో నల్లగీత వేసేది మావయ్యగారు ఒక్కరే. మా ఆయనకు గుడ్డలు ఉడకబెట్టడం, ఉతకడం బాగా వచ్చు గాని గీత వెయ్యడం రాదు. ఆయన వేస్తే పువ్వు మీద పువ్వు ఎక్కి కూర్చునేది.

నా పెళ్ళయిన మరుసటేడు వానల్లో మావయ్యగారి చెయ్యి పట్టేసింది. మొదట మణికట్టు వాచింది. తరువాత చివరి రెండు వేళ్ళూ అరచేతిలోకి ముడుచుకుపోయాయి. అచ్చు మీద దెబ్బ వేస్తే మోచేతి దాకా జివ్వుమనేది. బందరు ఆసుపత్రిలో మందులిచ్చారు. చిలకలపూడిలో ఒకాయన కట్టు కట్టాడు. ఏదీ పని చెయ్యలేదు. ఎడమచేత్తో తినడం సిగ్గని, మావయ్యగారు అందరూ తిని లేచాక గోడవైపు తిరిగి తినేవారు.

గుడివాడ నుంచి మా అత్తయ్య తమ్ముడు వచ్చి, భద్రాచలం దగ్గర గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీళ్ళు ఊరతాయనీ, ఆ నీళ్ళలో కొన్నాళ్ళు నానబెడితే పట్టేసిన కీళ్ళు వదులవుతాయనీ చెప్పాడు.

"అదీ చూద్దాం" అన్నారు మావయ్యగారు. "అక్కడా కాకపోతే అచ్చులు కడిగి పెట్టెలో పెట్టేద్దాం."

ఆ మాటకి అత్తయ్య ఏమీ అనలేదు. ఎప్పుడూ మాటకి మాట అప్పజెప్పే మనిషి. ఆమె ఊరుకుంటే నాకు భయం వేసింది.

శివరాత్రి వెళ్ళాక బయలుదేరాం. మా ఆయన పని దగ్గర ఉండిపోయారు. వండటానికీ మొయ్యటానికీ నేను వెళ్ళాను. అత్తయ్య మావయ్యగారి చేతికి పసుపు, ఆముదం పట్టించి, పాత పంచె చింపి మణికట్టు నుంచి వేళ్ళ దాకా చుట్టేసింది. దానిమీద ఆయన తువ్వాలు కప్పుకున్నారు.

బెజవాడలో రైలు మారేటప్పుడు దివిసీమ వాళ్ళు ఇద్దరు మా పెట్టెలోకే ఎక్కారు. మొగుడూ పెళ్ళామూ. నాగాయలంక అవతల ఏదో ఊరు. ఆవిడకి మోకాళ్ళు నొప్పి, వాళ్ళూ ఆ వేడినీళ్ళకే. ఆయన బాగా మాటకారి. రైలు కదిలేసరికే మావయ్యగారిని "బావగారూ" అని, అత్తయ్యను "అక్కగారూ" అని పిలవడం మొదలుపెట్టాడు.

"చేతికేమైంది బావగారూ?"

"పట్టేసిందండీ."

"అక్కగారు మెలిపెట్టి ఉంటారు."

"నేను మెలిపెడితే చెయ్యి కాదు తమ్ముడూ, మెడ పట్టేసేది" అంది అత్తయ్య. అందరం నవ్వాం.

కొత్తగూడెంలో దిగి బస్సెక్కాం. అప్పటికింకా గోదావరి మీద వంతెన లేదు, పడవలో దాటాం. దారంతా ఒకే చోట కూర్చుని తిన్నాం, మావయ్యగారు మాత్రం పక్కకు తిరిగి. మా పులిహోర వాళ్ళకి పెట్టాం. వాళ్ళ చేప వేపుడు అత్తయ్య వద్దంటూనే రెండు ముక్కలు తింది. నీళ్ళు మా చెంబులోంచే అందరూ తాగారు. అవతలి ఒడ్డున ఒకే పాకలో చెరో మూలా దిగాం.

మర్నాడు పొద్దున్నే ఇసుకలోకి వెళ్ళాం. నది సన్నబడి దూరంగా పారుతోంది. ఒడ్డు దగ్గర ఇసుకలో అక్కడక్కడా గుంటలు, వాటి మీద పల్చగా ఆవిరి. అక్కడివాళ్ళు పారలతో గుంటలు తవ్వి పెడుతున్నారు. ఒక్కొక్క గుంటది ఒక్కొక్క వేడి. కొన్నిట్లో హాయిగా కాళ్ళు పెట్టుకోవచ్చు. ఒడ్డు వైపు మూల గుంట మాత్రం పొగలు కక్కుతోంది. దాన్లో బిందెడు చల్లనీళ్ళు పోస్తేగాని ఎవరూ వేలు పెట్టడం లేదు. దివిసీమ ఆయన అప్పటికే ఒక మంచి గుంట చూసి, "బావగారూ, ఇటు రండి, మీకూ చోటుంచాను" అని కేకేశాడు. ఆయన భార్య మోకాళ్ళ దాకా అందులో దిగి కూర్చుంది. చుట్టూ ఇంకో పదిమంది ఉంటారు.

మావయ్యగారు గట్టున కూర్చున్నారు. అత్తయ్య చేతి కట్టు విప్పింది.

మా ఇంట్లో ఆ చెయ్యి ఎవరికీ వింత కాదు. తుప్పు ఇనుమూ బెల్లమూ పులియబెట్టి చేసే నల్లరంగు అది. ఏళ్ళ తరబడి కుడిచేత్తో దాన్ని కలిపితే గోళ్ళు నల్లబడతాయి, వేళ్ళ సందుల్లో మచ్చలు పడతాయి, ఎంత తోమినా పోవు. దెబ్బలు వేసీ వేసీ పిడికిలి పక్కన చర్మం కాయకాసి పగిలి ఉంటుంది. ఇప్పుడు దానికితోడు రెండు వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి. పసుపూ ఆముదమూ నాని ఇంకా పాడుగా కనిపించింది. మేం అదేమీ ఆలోచించలేదు. కట్టు విప్పాం, అంతే.

నీళ్ళలో కూర్చున్న దివిసీమ ఆవిడ ఆ చేతి వంక చూసింది. చూసి, లేచి గట్టెక్కింది.

"ఏమైందే?" అన్నాడు భర్త.

"ఆ వేళ్ళు చూడండి" అంది ఆవిడ మెల్లగా.

ఆయన చూశాడు. నవ్వుతున్న మొహం అలాగే ఆగిపోయింది.

"ఏందండీ అది?"

"రంగు తమ్ముడూ" అంది అత్తయ్య. "మాది అచ్చుల పని. చెప్పాను కదా రైల్లో."

"అచ్చుల పని చెప్పారు. చెయ్యి చూపించలేదు. దారి పొడుగునా కట్టు కట్టి దాచారు."

"దాచడమేంటి? నొప్పికి కట్టాను!"

"మీ చెంబుతో నీళ్ళు తాగామమ్మా మేము. నా పెళ్ళాం తాగింది." ఆయనది కోపమా భయమా నాకు తెలియలేదు. "కుష్టని ఒక్క మాట చెప్పుంటే దూరంగా ఉండేవాళ్ళం గదా!"

ఆ మాటతో పక్క గుంటల వాళ్ళందరూ లేచారు. ఒకతను పార చేతిలో పట్టుకునే వచ్చాడు. "లేవండి. ముందు అక్కణ్ణుంచి లేవండి" అన్నాడు. ఎవరో మా గుడ్డల మూటను కాలితో దూరంగా తోశారు. మావయ్యగారు లేవలేదు. ఆయన మొహంలో నేను ఎప్పుడూ చూడనిది ఏదో కనిపించింది. అచ్చుల పాకలో ఆయన మాటకి ఎదురు మాట్లాడినవాడు లేడు.

గుంటలు తవ్వే ముసలావిడ ఒకామె ముందుకొచ్చింది. "గొడవెందుకు? ఆ రోగమున్న చేతికి కాక తెలవదు. మూల గుంటలో పెట్టమనండి. రోగం లేకపోతే కాలి అరుస్తడు. ఉంటే అరవడు" అంది.

"పెట్టమనండి" అన్నారు అందరూ.

"వద్దండీ" అంది అత్తయ్య. "మనం పోదాం పదండి. ఇంకో చోట తవ్వుకుందాం."

"ఇంకో చోటు లేదు" అన్నాడు పారతను. "ఆ రోగంతో ఇసుకలో ఏ మూల దిగినా ఒప్పుకోం."

మావయ్యగారు లేచారు. నెమ్మదిగా మూల గుంట దగ్గరికి నడిచారు. గొంతుక్కూర్చుని, కుడిచెయ్యి మణికట్టు పైదాకా ఆ నీళ్ళలో పెట్టేశారు.

 ఆయన మొహం చెదరలేదు. తల ఎత్తి అందర్నీ చూశారు. కొంచెం గర్వంగా కూడా చూశారు.

ఆయన ఏమనుకున్నారో నాకు అర్థమైంది. మా ఇంట్లో ఎర్రరంగు రాగి కాగులో తెర్లుతుంటే, గుడ్డ అంచు చేత్తో పైకి లాగి రంగు చూసేవారు ఆయన. పనికి కొత్తగా వచ్చినవాడు చెయ్యి కాలి అబ్బా అంటే, "కాగుకి భయపడేవాడివి కల్లు అమ్ముకోపోయావా" అని ఏడిపించేవారు. వేడికి చెయ్యి వెనక్కి తియ్యకపోవడమే ఆయన దృష్టిలో మొగతనం. వాళ్ళు పరీక్ష పెట్టారు, తను నెగ్గానని అనుకున్నారు. వాళ్ళు అడిగింది అరవమని. ఆ సంగతి ఆయన బుర్రకెక్కలేదు.

"చూశారా?" అన్నారు. "ఇంతకంటే వేడి నీళ్ళు మాకు రోజూ అలవాటే."

చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కసారిగా వెనక్కి జరిగారు.

"తెలవట్లేదు! చూడండి, తెలవట్లేదు ఆయనకి!"

"అయ్యో దేవుడా" అని దివిసీమ ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

"అరవండి!" అంది అత్తయ్య. "మీకు దణ్ణం పెడతాను, అరవండి!"

"ఇప్పుడు అరిస్తే నమ్ముతామా?" అన్నాడు దివిసీమ ఆయన. "మీరు నేర్పితే అరిచినట్టు కాదా?" ఆయన ఇప్పుడు బావగారూ అనడం లేదు. "లేవయ్యా ముసలాయనా. లేచి వెళ్ళిపో."

అప్పుడు అర్థమైంది మావయ్యగారికి. కాని అరవలేదు, చెయ్యీ తియ్యలేదు. పళ్ళు బిగించి దివిసీమ ఆయన్నే చూస్తూ అలాగే కూర్చున్నారు. పారతను ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఒక రాయి వచ్చి గుంటలో పడి నీళ్ళు చిందాయి. ఆ చుక్కలు నా పాదం మీద పడ్డాయి. నేను ఎగిరిపడ్డాను. అంత వేడి. అందులో ఆయన చెయ్యి ఉంది.

ఒక్క క్షణం నాకూ అనుమానం వచ్చింది. ఈ మాట ఎవరితోనూ అనలేదు ఇన్నాళ్ళూ. నేను ఆ ఇంటికి కొత్తదాన్ని. ఆయన చెయ్యి నేను ఎన్నడూ దగ్గరగా చూసింది లేదు. నిజంగానే తెలియడం లేదేమో అనుకున్నాను.

అప్పుడే ఆయన కాలు చూశాను. బొటనవేలు ఇసుకలోకి గుచ్చుకుపోతోంది. ఇసుకను తోడుతోంది. మెడ నరాలు పైకి లేచాయి. ఆ కాలివేలు ఇంకెవరికీ కనపడటం లేదు, అందరూ మొహమే చూస్తున్నారు.

కోడలు మావయ్యగారిని ముట్టుకోకూడదు. నేను ఆయనకి ఎదురుగా నిలబడి మాట్లాడింది కూడా లేదు అప్పటికి. ఏం చేస్తున్నానో తెలియకుండానే గుంట పక్కన మోకాళ్ళ మీద పడి, నీళ్ళలో చెయ్యి పెట్టి, నాకు దొరికిన ఆ ముడుచుకున్న రెండు వేళ్ళూ పట్టుకుని బలంగా బయటికి లాగాను. కీలు కటుక్కుమంది.

"అమ్మో! చచ్చాన్రోయ్!" అని మావయ్యగారు వెల్లకిలా ఇసుకలో పడ్డారు. "విరిచేసిందిరా! వేళ్ళు విరిచేసింది! ఎవరే నువ్వు, మనిషివా రాక్షసివా?"

ఆ కేకకి ఏటి దగ్గర కొంగలు లేచిపోయాయి. కళ్ళలో నీళ్ళు బొటబొటా కారుతున్నాయి. ఆ తిట్లు ఎవరూ నేర్పినవి కాదు. ఆగకుండా నన్ను, మా పుట్టింటివాళ్ళని, పెళ్ళిచూపులకు తీసుకెళ్ళిన పెళ్ళిళ్ళ పేరయ్యని, వరసగా తిట్టారు.

ముందు కదిలింది దివిసీమ ఆవిడే. కుంటుకుంటూ వచ్చి ఆయన పక్కన కూర్చుంది. భర్త "ఏయ్" అంటున్నా వినలేదు. ఆయన చెయ్యి పట్టుకుని నల్లమచ్చ మీద గోరుతో గిల్లింది.

"అబ్బా! నువ్వు కూడానా తల్లీ?"

"తెలుస్తోందా అన్నయ్యా?"

"తెలియకేం! చూడు ఎట్లా పొంగుతోందో!"

మచ్చలు ఆగిన చోటు నుంచి పైకి చర్మం ఎర్రగా కమిలిపోయి ఉంది. చూస్తూ ఉండగానే పొక్కులు లేచాయి. నా వేళ్ళూ చురచుర మండుతున్నాయి. ఆవిడ తన కొంగు చింపి, బిందెలోని చల్లనీళ్ళలో తడిపి చుట్టింది. పారతను పార భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ముసలావిడ, "అరవడానికింత సేపా అయ్యా" అని గొణుక్కుంటూ మళ్ళీ తవ్వుకోవడానికి వెళ్ళింది. దివిసీమ ఆయన క్షమించమని అనలేదు. బిందె తీసుకుని ఏటి దగ్గరికి వెళ్ళి, చల్లనీళ్ళు తెచ్చి ఆ మూల గుంటలో పోశాడు. అలా ఆ పూటంతా మోస్తూనే ఉన్నాడు.  మధ్యాహ్నం అన్నాలప్పుడు అత్తయ్య మా చెంబులో నీళ్ళు పోసి అతని ముందు పెట్టింది. పెట్టి చూస్తూ నిలబడింది. అతను తల వంచుకుని తాగాడు.

కాని ఏ చేతి కోసం వెళ్ళామో ఆ చెయ్యి మళ్ళీ ఆ నీళ్ళలో పెట్టలేదు. బొబ్బలు చితికిపోయి పుండైంది. అక్కడ ఉన్నన్నాళ్ళూ మావయ్యగారు నొప్పి లేని కాళ్ళు గుంటలో పెట్టుకుని, చెయ్యి మాత్రం గాలికి ఎత్తి పట్టుకుని కూర్చునేవారు. దివిసీమ ఆవిడ మోకాళ్ళు వదులయ్యాయి. పడవ ఎక్కేటప్పుడు ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

ఇంటికి వచ్చాక పుండు మానింది. నేను లాగిన రెండు వేళ్ళూ సగం విచ్చుకున్నాయి. ముద్ద కలుపుకునేంత, అంతే. మణికట్టు మాత్రం అలాగే ఉండిపోయింది. ఆయన ఒకసారి అచ్చు మీద దెబ్బ వేసి చూశారు. రెండోసారి వెయ్యలేదు. అత్తయ్య అచ్చులు కడగడానికి నీళ్ళు పెట్టింది.

నేను వంటింట్లో ఉన్నాను. పాకలోంచి కేక వినపడింది.

"అమ్మాయ్! ఇటు రా."

వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాను. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఉంది. మావయ్యగారు ఎడమచేత్తో అచ్చు పెట్టి పట్టుకుని ఉన్నారు.

"కొట్టు."

 మా ఇళ్ళలో ఆడవాళ్ళు రంగులు నూరతారు, గుడ్డలు ఆరేస్తారు. అచ్చు మీద చెయ్యి వెయ్యరు. అత్తయ్య వంక చూశాను. ఆమె కడిగే నీళ్ళ గిన్నె పట్టుకుని నిలబడింది.

"నా వేళ్ళు విరిచినప్పుడు ఉన్న బలం ఇప్పుడేమైంది?" అన్నారు మావయ్యగారు. "కొట్టు!"

పిడికిలి బిగించి కళ్ళు మూసుకుని కొట్టాను. ఆయన అచ్చు ఎత్తారు. గీత ఒక పక్క ముద్దగా, ఇంకో పక్క పడీ పడనట్టుగా ఉంది.

దాని మీదికి వంగి చూశారు. తరువాత అచ్చును మళ్ళీ రంగులో అద్ది, మొదటి పువ్వు పక్కన వెంట్రుకవాసి తేడా లేకుండా పెట్టారు.

"ఈసారి కళ్ళు తెరిచి" అన్నారు.

అత్తయ్య గిన్నెలో నీళ్ళు పెరట్లో పారబోసి వచ్చింది.