మంత్రిని ఇచ్చేసిన ఎత్తు

1976 జూన్‌లో నన్ను విశాఖపట్నంలో ఒక ఆఫీసు కంప్యూటర్ విభాగంలో ప్రోగ్రామర్‌గా వేశారు. అక్కడ ఇల్లు దొరక్క చోడవరంలో మామగారింట్లో దిగి, రోజూ బస్సులో తిరిగేవాణ్ణి. ఇల్లరికం ప్రోగ్రామర్ అని తోటివాళ్లు ఏడిపించేవారు.

భోజనాల వేళ మిషను పది నిమిషాలు ఖాళీ. ఆ పది నిమిషాలు బతిమాలి పుచ్చుకుని, చదరంగం ఆడే ప్రోగ్రాం రాశాను. మా పై అధికారి షరతు పెట్టారు: అది ఎవరో ఒక మామూలు మనిషిని ఓడించాలి, లేదంటే ఆ సమయం స్టోర్సు జాబితాలకి పోతుంది. ఆ ఆఫీసులో నాదని చెప్పుకునే పని అదొక్కటే.

మామూలు మనిషిగా మామగారిని ఎంచుకున్నాను. చెరకు రైతు. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ దగ్గర చెరకు బళ్లు తూకానికి ఆగినప్పుడు కాలక్షేపానికి నేర్చిన ఆట, తేలిగ్గా ఓడిపోతారనుకున్నాను. రోజుకి ఒక ఎత్తు. పొద్దున్న ఆయన ఎత్తు చీటీ మీద రాసుకెళ్లి, పంచ్‌కార్డు మీద కొట్టి, మిషను జవాబు సాయంత్రం తెచ్చేవాణ్ణి.

మిషనుకి నేను నేర్పిన తెలివి ఇంతే. బంటుకి ఒక మార్కు, గుర్రానికి మూడు, ఏనుగుకి ఐదు, మంత్రికి తొమ్మిది. తన మొత్తంలోంచి ఎదుటివాడి మొత్తం తీసేసి, ఎటు లాభమో చూస్తుంది. అన్ని ఎత్తులూ చూడ్డానికి పది నిమిషాలు చాలవు కాబట్టి కొన్ని ముందే లెక్కలోంచి కొట్టేయాలి. ఎదుటివాడు తన మంత్రిని పోగొట్టుకునే ఎత్తులన్నీ చూడకుండానే కొట్టేయమని రాశాను. బుద్ధున్నవాడెవడూ ఆడడు కదా!

ఐదో వారంలో మామగారు తన మంత్రిని సరిగ్గా మా రాజు పక్కన పెట్టి షా అన్నారు, రాజుకి గండమని. మా ఏనుగు నోటికి అందించినట్టే. ఆటలో నేను అంతంతమాత్రం. ఆనందం పట్టలేక, చూసుకున్నారా మామయ్యా అనడిగాను.

"సూసేను బాబూ, అట్టుకెళ్లు" అన్నారు.

ఆ మధ్యాహ్నం మిషను క్షణంలో జవాబిచ్చింది: ఏనుగుతో మంత్రిని తినేయడం. అంత ధీమా అదెప్పుడూ చూపలేదు. గెలిచేశామని అధికారికి కూడా చెప్పేశాను.

సాయంత్రం, మిషను క్షణంలో చెప్పేసిందంటే మామగారు నవ్వారు. "బేగి సెప్పక ఏటి సేస్తాది బాబూ? దానికి ఇంకో ఎత్తుంటే కదా!" అని, మంత్రికి కాపు కాసిన గుర్రాన్ని జరిపి మళ్లీ షా అన్నారు. రాజు చుట్టూ తనవాళ్లే కిక్కిరిసి ఉన్నారు, కదలడానికి గడి లేదు. ఆట కట్టు. ముందురోజు మిషను తన రాజుని నిశ్చింతగా ఆ మూలకి తోసుకుంది. మామగారి ఎత్తుని నేనే దాని కళ్లబడకుండా చేశాను.

అధికారికి చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు సిగ్గుతో చచ్చిపోయాను. సోమవారం నుంచి ఆ పది నిమిషాలూ స్టోర్సు జాబితాలకి వెళ్లిపోయాయి.

షా చెప్పే ఎత్తుని, ఎంత నష్టంగా కనబడినా, చూడకుండా కొట్టేయకూడదని నేర్చుకున్నాను. ఆ సవరణ ఒక్క కార్డు పని. మర్నాడే పంచ్ చేశాను. నడిపి చూడ్డానికి మాత్రం మిషను దొరకలేదు.