పేరున్న మనిషే రావాలి

పక్కింటావిడ రేపు శుక్రవారమని ఇత్తడి బిందెలు వాకిట్లో వేసుకుని చింతపండుతో తోముతోంది. ఆ పులుపూ, తడి ఇత్తడి కంపూ కలిసి మా వరండా దాకా వచ్చేసరికి నా పళ్లు జివ్వుమన్నాయి. మరొకరికి అది పూజ వాసన. నాకు మాత్రం కామేశ్వరరావు షావుకారి కొట్టు వాసన. శృంగవరపుకోట బజారులో ఆయన పాత్రల కొట్లో పదకొండేళ్లు పనిచేశాను. షావుకారు అనగానే బొజ్జా ఉంగరాలూ కళ్లముందుకు వస్తాయేమో, ఈయన కొబ్బరి ఈనెలా ఉండేవాడు. చొక్కా మోచేతుల దగ్గర ఎప్పుడూ మసి. కొట్టుకి వచ్చినవాళ్లు ఆయన్నే కూలివాడనుకుని "షావుకారు ఉన్నాడా?" అని అడిగేవారు. "ఇప్పుడే వస్తాడు, కూకోండి" అని నీళ్లిచ్చి, తనే వెళ్లి గద్దె మీద కూర్చునేవాడు. ఆయన పోయి ఏడాది దాటింది. ఆయనంటే నాకు గౌరవం, కోపం, జాలి మూడూ ఉన్నాయి. ఏది ముందు చెప్పాలో ఇప్పటికీ తెలియదు.

నేను చేరేనాటికి మా ఆయన లగేజీ ఆటో నడిపేవాడు. ఆ సంపాదన బండి మరమ్మతులకే సరిపోయేది. కొట్లో గిన్నెల మీద పేర్లు వేసే మనిషి పని మానేశాడని, నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని ఎవరో చెబితే షావుకారు కబురు పెట్టాడు. మొదటిరోజు ఓ స్టీలు డబ్బా ఇచ్చి, దాని మీద పెళ్లికూతురి పేరూ, ఇచ్చే మేనమామ పేరూ వేయమన్నాడు. మేనమామ పక్కనే నిలబడి చూస్తున్నాడు కదా అని ఆయన పేరు బారెడు వేశాను. షావుకారు డబ్బా తిప్పి చూశాడు.

"ఇచ్చినోడి పేరు సిన్నదిగుండాల, పుచ్చుకున్న పిల్ల పేరు పెద్దదిగుండాల. గిన్నె ఎవుల్దో గిన్నే సెప్పాల పార్వతీ. మనం సెప్పక్కర్లేదు."

ఆ డబ్బా మేనమామకి ఊరికే ఇచ్చేసి, ఇంకోటి తీసి వేయించాడు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే ఇంతగా గుర్తుండేది కాదు.

పాత సామాను కొనేటప్పుడు ఆయనకు ఒక పట్టు ఉండేది. ఎవరైనా ఇత్తడి బిందె తెస్తే తూకం వేయకముందే దాని మెడ దగ్గర చింతపండు పెట్టి నా చేత రుద్దించేవాడు. నల్లటి చిలుము పోయి, కింద పేరు తేలేది. ఆడమనిషి పేరుండి, తెచ్చినవాడు మగవాడైతే కొనేవాడు కాదు. పేరున్న మనిషే రావాలనేవాడు. సారెలో వచ్చిన సామాను ఆ పిల్లది, మరొకరిది కాదన్నది ఆయన లెక్క. పక్క కొట్లవాళ్లు నవ్వేవారు. వచ్చిన బేరాన్ని వీధిలోకి తోలేసే షావుకారు ఈయనొక్కడేనని వెక్కిరించేవారు. ఒకసారి ఒక రైతు గంగాళం భుజాన వేసుకొచ్చి గొడవకి దిగాడు.

"నా పెళ్లాం సామాను నానమ్ముకుంటే నీకేటి నొప్పి?"

"నీదైతే నీ పేరేదిరా? సూపించు, ఇప్పుడే కొంటాను."

వాడు బూతులు తిట్టి వెళ్లిపోయాడు. మర్నాడు భార్యతో వచ్చాడు. షావుకారు ఆమెకు మంచినీళ్లిచ్చి, ఒకే ఒక్కసారి అడిగాడు: "నీకిష్టమేనా అమ్మా?" ఆమె తల వంచుకునే ఊఁ అంది. ఆయన కొన్నాడు. వాళ్లు వెళ్లాక నేను ఉండబట్టలేక, "ఆ ఊఁ ఇష్టమేటండి, బాబూ? మొగుడు పక్కనుంటే ఇంకేటంటాది?" అన్నాను. "నాను ఆపలేన్లే. అడగడం కాడికే నా పని. అడగనోడికి ఆ పాటి కూడా తెలీదు కదా" అన్నాడు. ఈ మాట నాకు అప్పట్లో చాలా చిన్నదిగా కనిపించింది.

ఇంతలో అరకు వెళ్లే రోడ్డులో, కొండల మొదట్లో ఒక రిసార్టు వెలిసింది. ముందు కాటేజీలు, ఈత కొలను. వెనక పేకాట క్లబ్బు. శని, ఆదివారాలు విశాఖ నుంచి కార్లు బారులు తీరేవి. ఊళ్లోవాళ్లను లోపలికి రానిచ్చేవారు కాదు, బయటి ఊరివాళ్లే ఆడాలి. అబద్ధం ఎందుకు, ఊరు కళకళలాడింది. టిఫిను హోటళ్లు మేడలయ్యాయి, పూల కొట్లు రెట్టింపయ్యాయి, ఖాళీగా పడున్న గదులకు అద్దెలొచ్చాయి. మా ఆయన ఆటోకి చేతినిండా కిరాయిలు. మా కొట్టుకి హోటళ్ల నుంచి డేగిసాలు, కుక్కర్లు, కంచాలు ఒకటే ఆర్డర్లు. కొందరు ఆడవాళ్లు ఆ క్లబ్బు వద్దని అధికారుల దగ్గరికి వెళ్లారని తెలిసి, వర్తకులంతా కలిసి అది ఉండాలని అర్జీ పెట్టాలనుకున్నారు. ఆ అర్జీ షావుకారు చెబుతుంటే నేనే రాశాను. ఊరి డబ్బు ఊరు దాటడం లేదు, బయటి డబ్బే మన ఊరికి వస్తోంది అన్నది అందులో ఆయన మాట. మొదటి సంతకం ఆయనదే. నేనూ ఆ పూట సంతోషంగానే రాశాను. మా ఇంటికి కొత్త ఫ్రిజ్ వచ్చి పదిరోజులే అయింది మరి.

ఏడాదిన్నర గడిచింది. విశాఖకు ఇంకా దగ్గర్లో మరో క్లబ్బు తెరిచారట, మా వైపు కార్లు పలచబడ్డాయి. ఓ సాయంత్రం షావుకారు టీ గ్లాసు పట్టుకుని కొట్టు మెట్టు మీద కూర్చుని రోడ్డు చూస్తున్నాడు.

"పార్వతీ, కార్లు సగానికి పడిపోనాయి. క్లబ్బు జోరు మాత్రం తగ్గలేదు. ఏటంటావు?"

"మరెవులు ఆడతన్నారండి, బాబూ?"

ఆయన గ్లాసుతోనే రోడ్డు వైపు చూపించాడు. అరకు రోడ్డు వైపు మోటారు సైకిళ్లు పోతూనే ఉన్నాయి. వాటి మీద ఉన్నవాళ్లలో సగం మంది మాకు తెలిసిన ముఖాలే. బయటివాళ్లు తగ్గేసరికి క్లబ్బు ఊరివాళ్లకు తలుపు తీసిందన్నమాట. ఆయన అప్పుడే ఈ సంగతి పట్టేశాడు. ఊళ్లో అందరికన్నా ముందే పట్టేశాడు. కానీ ఆ ఉదయమే రిసార్టు వంటింటి నుంచి పెద్ద ఆర్డరు వచ్చి ఉంది. టీ తాగేసి, గ్లాసు కడిగి, లోపలికొచ్చి డేగిసాలు సర్దుకున్నాడు. తిలాపాపం తలా పిడికెడు. అందులో నా పిడికెడు కూడా ఉంది.

ఆ తర్వాత కొట్లో కొత్త సామాను కదలడం తగ్గి పాత ఇత్తడి రావడం ఎక్కువైంది. చింతపండు పులుపుకి నా వేళ్లు పగిలిపోయేవి. రోజుకో తగువు, రోజుకో శాపనార్థం. షావుకారు మాత్రం తన పట్టు విడవలేదు. ఒక్కసారే విడిచాడు.

ఆయనకు ఒక్కతే చెల్లెలు, వరలక్ష్మి గారు. గజపతినగరంలో బెల్లం వ్యాపారం చేసే సూర్యనారాయణ గారికిచ్చారు. మనిషి మహా మర్యాదస్థుడు. ఆయన వస్తే షావుకారు గద్దె దిగి నిలబడేవాడు. ఓ మిట్టమధ్యాహ్నం ఆ బావగారు ఆటోలో గోనెసంచులు వేసుకుని దిగారు. రెండు బిందెలు, ఒక గంగాళం. నేను అలవాటు కొద్దీ చింతపండు తీసుకుని బిందె మెడ దగ్గర చెయ్యి పెట్టాను.

"రుద్దక్కర్లేదు, వదిలెయ్" అన్నాడు షావుకారు.

"వరాలుకి ఒంట్లో బాగులేదు బావా. ఇంట్లో సోటు లేదు, అమ్మీమని తనే పంపింది" అన్నారు సూర్యనారాయణ గారు, గోడకున్న క్యాలెండరు చూస్తూ.

షావుకారు ముఖంలో ఒక ప్రశ్న వచ్చి ఆగడం నేను చూశాను. ఇంటల్లుణ్ణి అడగడమా? నీ మాట నమ్మను, నా చెల్లెల్ని తీసుకురా అని బావతో అనడమా? మా వైపు ఆ మాట అంటే ఇక రాకపోకలుండవు. అరటిపళ్లు తెప్పించి పెట్టాడు, తూకం కూడా వేయకుండా అడిగినంతా ఇచ్చాడు, ఆటో ఎక్కించి వచ్చాడు. ఆ ఆటో గజపతినగరం రోడ్డెక్కలేదు, అరకు రోడ్డు వైపు తిరిగింది. ఇద్దరం చూశాం. చూసీ ఎవరి పనిలో వాళ్లం పడ్డాం.

మూడు వారాల తర్వాత వరలక్ష్మి గారు వచ్చారు. ఒంట్లో నలత ఏమీ లేదు. వ్రతానికి గంగాళం కోసం అటక మీద వెతికి, మొగుణ్ణి నిలదీసి, తిన్నగా బస్సెక్కి వచ్చారు. కొట్టు వెనక మూలలో తన సామాను చూసుకున్నారు. వాటి మీద పేరు ఆవిడ పెళ్లినాడు అన్నగారు తన చేత్తో వేసింది. ఆవిడ ఏడవలేదు, కేకలు పెట్టలేదు.

"ఊళ్లో ఆడోలందర్నీ అడుగుతావంట కదన్నయ్యా. నన్నెందుకడగలేదు?"

"బావని ఎలగ అడగమంటావే?"

"బావని కాదు. నన్ను."

షావుకారు బిందె ఎత్తి ఆవిడ చేతిలో పెట్టబోయాడు. ఆవిడ అందుకోలేదు. "నువ్విచ్చిన డబ్బులు క్లబ్బులో పోగొట్టి, అవి రాబట్టుకోడానికే ఇంటి కాగితాలు కూడా తాకట్టు పెట్టాడు. ఆ దినం నువ్వు నన్ను పిలిస్తే ఇల్లుండేది" అని చెప్పి వెళ్లిపోయారు. ఇల్లు నిజంగానే పోయింది. భార్యాభర్తలు అద్దె గదిలోకి మారారు. ఆవిడ ఒక హాస్టలు వంటింట్లో పనికి కుదిరారు. మళ్లీ అన్నగారి గడప తొక్కలేదు.

వర్తకుల సమావేశంలో షావుకారు లేచి, అర్జీలో తన సంతకం వెనక్కి తీసుకుంటానన్నాడు. ఒకాయన గట్టిగానే అన్నాడు: "నీ బావ ఓడిపోతే ఊరందరి నోట్లో మట్టి కొడతావేటి?"

"నిజమే. నా ఇంటికొచ్చే వరకూ నాను నోరిప్పలేదు. అదే నా తప్పు. మీ ఇళ్లకి వచ్చే వరకూ మీరు ఆగకండి."

ఎవరూ ఆయనతో కలిసి రాలేదు. కొత్త అర్జీ నేను రాసిపెడతానంటే వద్దని, తన కోడిగీతల్తో తనే రాసి ఒక్కడే పట్టుకెళ్లాడు. తర్వాత ఎప్పటికో పైనుంచి వచ్చిన ఉత్తర్వుతో క్లబ్బు మూతపడింది. అందులో ఈయన అర్జీ పాత్ర ఎంతో నాకు తెలియదు. ఊరు మాత్రం ఈయన ఖాతాలోనే వేసింది. మేడలు కట్టిన హోటళ్లకు బేరాల్లేవు, గదులకు అద్దెల్లేవు. మా ఆటో కూడా ఇంటి ముందు నిలబడిపోయింది. షావుకారి వల్లే అని మా ఆయన విసుక్కుంటే నేనూ కొన్నాళ్లు కొట్లో షావుకారితో ముభావంగా ఉన్నాను. ఆ మాట ఒప్పుకోవడానికి నాకిప్పుడు సిగ్గుగా ఉంది. ఆయన మీద మాత్రం గెలిచిన కళ ఏమీ కనిపించలేదు. "మూసేస్తే ఏటయింది? వరాలు ఇల్లు వరాలుకి రాలేదు కదా" అన్నాడు.

ఏడేళ్లు ఆ బిందెలు కొట్లోనే ఉన్నాయి. ఎంత బేరం వచ్చినా అమ్మలేదు. ఏటా రాఖీకి రెండ్రోజుల ముందు నుంచీ గడ్డం చేయించుకుని కూర్చునేవాడు. ఎవరూ వచ్చేవారు కాదు. ఆయనకు జబ్బు చేసి, అది ముదిరాక ఓ మధ్యాహ్నం నాతో అన్నాడు: "పరాయోల్లని అడిగేసి పెద్ద ధర్మరాజునైపోనాననుకున్నాను పార్వతీ. మనోల్లని అడగాల్సొచ్చినప్పుడే కదా మనిషి తెలిసేది." నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆయన వినలేదు.

ఆయన పోయిన పదోరోజున వరలక్ష్మి గారు కొట్టుకి వచ్చారు. జుట్టు సగం నెరిసింది. పన్నెండోనాడు పంచడానికి చిన్న స్టీలు పళ్లేలు కావాలన్నారు, షావుకారి కొడుకులు చేయిస్తున్నవి కాక, తన జీతం డబ్బుతో తనవి. నేను పేర్లు వేసే మిషను తీసి, పళ్లెం మీద ఏం వేయమంటారని అడిగాను.

"అన్నయ్య అనెయ్యి. అంతే."

"పేరు లేపోతే ఎవుల్దో తెలీదు కదమ్మా?"

ఆవిడ ఓ పళ్లెం తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "నన్నడగలేదని ఏడేళ్లు కోపంతో ఉన్నాను. ఎలాగున్నావన్నయ్యా అని నానూ ఒక్కనాడు అడగలేదే, పార్వతీ" అన్నారు.

నేను లేచి వెనక మూల నుంచి బిందెలు తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. తీసుకెళ్లమన్నాను. ఆవిడ తన పేరు మీద వేలు పెట్టి చూసుకుని, "ఇప్పుడెవులిచ్చారని పట్టుకెల్లనే?" అని అక్కడే నేల మీద కూలబడి ఏడ్చారు. నేను కూడా ఏడ్చాను. ఆ పళ్లేల మీద అక్షరాలు ఒక్కటీ తిన్నగా రాలేదు.

ఇప్పుడు నేను ఆ పనిలో లేను. కానీ మా ఇంట్లో ఎవరు ఎవరి పేరు చెప్పి ఏది అడిగినా, అది మా ఆయనైనా, మా తమ్ముడైనా, ఆ పేరున్న మనిషినే పిలిచి ముఖాన అడుగుతాను. మనుషులు నొచ్చుకుంటారు. తమ్ముడు రెండు నెలలు మాట్లాడలేదు. అలా అడగబోయే ప్రతిసారీ నా నాలుక బరువెక్కుతుంది, షావుకారి ముఖంలో వచ్చి ఆగిపోయిన ఆ ప్రశ్న కనిపిస్తుంది. అప్పుడు అడిగేస్తాను.