మంద కాడి హాజరు

మొన్న మా మనవరాలు ఫోనులో ఒక ఫోటో పంపింది. ఆమె చదివే కాలేజీ గేటు ముందు చిన్న టెంటు, టెంటు కింద చాపలు, చాపల మీద తెల్లకోట్లు వేసుకున్న పాతికమంది పిల్లలు, చేతుల్లో అట్టముక్కలు. చివరి ఏడాది దవాఖానలో తప్పనిసరిగా చేయవలసిన పనికి సర్కారు ఇచ్చే స్టైపెండు కొన్ని నెలలుగా రావడం లేదట, అందుకని అందరూ కలిసి కూర్చున్నారట. మా ఇంటామె ఆ ఫోటో చూసి, పిల్ల ఎండకు కమిలిపోతుందని, కాలేజీవాళ్లు పేర్లు రాసుకుని పరీక్షల్లో కక్ష తీర్చుకుంటారేమోనని ఒకటే గాబరా పడింది. నేను మాత్రం కళ్లద్దాలు సవరించుకుని దాన్ని రెండు మూడుసార్లు పెద్దది చేసి చూశాను. నాకు భయం కాలేదు. సంతోషమే అయింది. కాని ఆ సంతోషం వెనకే పాత సంగతి ఒకటి గుర్తొచ్చి, ఆ పూట అన్నం సయించలేదు.

నా ఈడు వాళ్లకు, అందులోనూ సర్కారు కొలువు చేసి దిగిపోయినవాళ్లకు, చెప్పుకోవడానికి గొప్పలు చాలానే ఉంటాయి. కరువులో ఎన్ని పశువులను బతికించామో, ఏ పెద్దమనిషి సిఫారసును ఎట్లా కాదన్నామో అడగకున్నా చెప్తాం. చేసిన తప్పులు మాత్రం గుర్తుండవు. నాకు ఒకటి గుర్తుంది. అది ఇక్కడ చెప్పాలనుకుంటున్నాను.

అప్పటికి కొత్త రాష్ట్రం వచ్చి ఏడాదో రెండేళ్లో అయింది. నేను పశువుల డాక్టరుగా చివరి కొలువు కొల్లాపూర్ అవతల, కృష్ణ ఒడ్డుకు మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక పల్లె దవాఖానలో చేస్తున్నాను. రెండు గదులు, ఒక రేకుల కొట్టం, ఎద్దులను కట్టేసే ఇనుప చట్రం, నేను, ఒక కాంపౌండరు. ఆ ఊరు నాకు ఎంత నచ్చిందంటే, రిటైరైనా ఇక్కడే ఇంత జాగా కొనుక్కుని ఉండిపోదామని మా ఇంటామెతో అనేవాణ్ని. ఆమె విననట్టు వంటింట్లోకి వెళ్లిపోయేది.

నాకొక పిచ్చి ఉండేది, టైము పిచ్చి. చదువుకునే రోజుల్లో నాకూ ఇట్లాగే ఆఖరి ఏడాది పనికి సర్కారు స్టైపెండు ఇచ్చింది. కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర వరుసలో నిలబడి సంతకం పెట్టి తీసుకున్న ఆ మొదటి డబ్బుతో నేను చేతి గడియారం కొనుక్కున్నాను. తనకు చీర తెస్తానేమోనని మా అమ్మ ఎదురుచూసిందట, ఆ సంగతి ఎన్నో ఏళ్లకు గాని నాకు తెలియలేదు. ఆ గడియారం నన్ను మనిషిని చేసిందనుకున్నాను గాని, సగం చెడగొట్టింది కూడా అదేనేమో. సరిగ్గా పది గంటలకు హాజరు పుస్తకం నా ముందుకు లాక్కుని, ఎర్ర సిరాతో అడ్డగీత కొట్టేవాణ్ని. గీత తర్వాత వచ్చినవాడు ఎవడైనా ఆ రోజుకు రానట్టే. కాంపౌండరు ఒకసారి బస్సు చెడిపోయిందని చెప్పబోతే, సాకులు చెప్పడానికి దవాఖాన ఎందుకు, ఇంట్లోనే ఉండి చెప్పుకోవచ్చు కదా అన్నాను. ఆ తర్వాత అతను నాకు ఏ విషయమూ తనంతట తాను చెప్పడం మానేశాడు.

ఆ ఎండాకాలమే పశువైద్య కాలేజీ నుంచి ఆఖరి ఏడాది చదివే అమ్మాయి ఒకతె మూడు నెలల పనికి మా దగ్గరికి వచ్చింది. సన్నగా, నల్లగా, మాట తక్కువ పిల్ల. వాళ్లది తిరుమలగిరి దిక్కు. గొర్ల కాపరుల కుటుంబం. మా ఇంటామె మొదటి రోజే పిలిచి అన్నం పెట్టి, గంటలో ఆమె వంశం సంగతులన్నీ రాబట్టింది. ఐదేళ్ల చదువుకు బాపు ఏటా ఇన్ని గొర్రెలను అమ్ముకుంటూ వచ్చాడట. ఇప్పుడు మందలో మిగిలినవి పన్నెండు తల్లి గొర్రెలు మాత్రమేనట. ఈ మూడు నెలలు సర్కారు స్టైపెండు ఇస్తుంది కాబట్టి హాస్టల్ మెస్సు బాకీ, ఇక్కడి గది కిరాయి దానితోనే వెళ్లిపోతాయని, ఇక మంద మీద చెయ్యి వెయ్యొద్దని బాపుకు గట్టిగా చెప్పి వచ్చిందట. ఆ మాట చెప్పేటప్పుడు పిల్ల ముఖం వెలిగిపోయిందని మా ఇంటామె ఆ రాత్రి నాకు చెప్పింది. నేను పేపరు చదువుకుంటూ ఊఁ కొట్టాను.

ఆ స్టైపెండు రావాలంటే నెలాఖరున నేను హాజరు కాగితం మీద సంతకం చేసి కాలేజీకి పంపాలి. రోజులు తగ్గితే ఆ నెల డబ్బు ఆగిపోతుంది. ఇది నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

వచ్చిన కొత్తలో ఒక వారం ఆమె తొమ్మిదిన్నరకే వచ్చి కూర్చునేది. అప్పుడు నేను నాకు అలవాటైన ఉపన్యాసం ఇచ్చాను. దవాఖాన కుర్చీలో కూర్చుంటే చీట్లు రాయడం తప్ప ఏమీ రాదని, జీవాలు ఉన్న చోటికే డాక్టరు పోవాలని, నేనైతే మీ వయసులో కాలినడకన మందల వెంట తిరిగానని, ఇట్లా అరగంట చెప్పాను. అందులో సగం నిజం. ఆమె ఆ మాటలను నిజంగానే మనసుకు తీసుకుంటుందని నేను అనుకోలేదు. అంతకు ముందు వచ్చిన పిల్లలెవరూ తీసుకోలేదు మరి.

తర్వాతి వారం నుంచి ఆమె ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. పదకొండుకు, ఒక్కోసారి పదకొండున్నరకు, చెమటలు కారుతూ, చెప్పులకు ఇంత బురదతో వచ్చేది. గచ్చు ఖరాబవుతోందని నేను ఒకసారి విసుక్కుంటే, మర్నాటి నుంచి చెప్పులు బయట విప్పి వట్టి కాళ్లతో లోపలికి వచ్చేది. నేను రోజూ ఎర్ర గీత కొడుతూనే ఉన్నాను. ఒక రోజు, రెండు రోజులు కాదు, పదహారు రోజులు. నెలాఖరున ఆ పదహారూ గైరుహాజరు కింద రాసి, స్టాంపు గుద్ది, పోస్టులో వేసి, పని సరిగ్గా చేశానని తృప్తి పడ్డాను.

కాలేజీ నుంచి ఆమెకు కబురు వచ్చినట్టుంది. ఆ మర్నాటి నుంచి తొమ్మిదింటికే వచ్చి, బల్ల దగ్గర కూర్చుని, చీట్లు రాస్తూ, తల ఎత్తకుండా పని చేసుకునేది. చూశావా, దారికి వచ్చింది, అని నేను కాంపౌండరుతో అన్నాను కూడా. అతను ఏదో అనబోయి, సీసాలు కడగడానికి వెళ్లిపోయాడు.

అట్లా పదిహేను రోజులు గడిచాక ఒక పొద్దున, భుజం మీద గొంగడి, చేతిలో కర్రతో ఒక ముసలి కాపరి వచ్చి గడప అవతలే నిలబడ్డాడు.

"సారూ, మా డాక్టరమ్మ బిడ్డకు పానం మంచిగ లేదా? పదిహేనొద్దులాయె, మంద దిక్కు రాకపాయె. ఇంక మూడు మందలకు మందు తాపేదున్నది" అన్నాడు.

ఏ డాక్టరమ్మ అని అడిగాను నేను. ఆ ప్రశ్న గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ముసలాయన లోపలికి తొంగిచూసి, బల్ల దగ్గర కూర్చున్న పిల్లను చూసి, "గీడ గిట్ల కూసున్నవా బిడ్డా, నీకు జరం వచ్చిందేమోనని మా ఆడోళ్లు ఒక్కటే ఫికర్ చేస్తున్నరు" అన్నాడు. ఆమె లేచి నిలబడింది, కళ్లు నిండాయి.

నేను ఆ ముసలాయనతో నడిచి వెళ్లాను. చాలా ఏళ్ల తర్వాత ఒక మంద దగ్గరికి నడిచిపోవడం అదే. ఎండాకాలంలో కృష్ణ నీళ్లు వెనక్కి పోయినప్పుడు ఆ బయటపడ్డ నేల మీద పచ్చగా గడ్డి మొలుస్తుంది. మిట్టల మీద బీళ్లన్నీ మాడిపోయి ఉంటాయి కాబట్టి చుట్టుపక్కల కాపరులు మందలన్నింటినీ అక్కడికే తోలి, ఆ గట్ల మీదనే దొడ్లు కట్టుకుని వానలు పడేదాకా ఉంటారు. ఆ తడి గడ్డిలో నత్తలుంటాయి, నత్తల నుంచి గొర్రెల కార్జానికి జలగలు పడతాయి, దవడ కింద నీటి సంచి వేలాడి జీవం నెలలో పోతుంది. దానికి మందు పరగడుపున తాపాలి, అంటే పొద్దు పొడవక ముందు, మందను మేతకు విడవక ముందే పని అయిపోవాలి. విడిచాక గొర్రెను పట్టడం ఎవరి తరమూ కాదు. ఆ పిల్ల చీకటి విడవకముందే గదిలోంచి బయలుదేరి, దొడ్డిలో గొర్రెలను ఒక్కొక్కటే కాళ్ల మధ్య ఇరికించుకుని మందు తాపి, మళ్లీ ఆ దూరమంతా నడిచి దవాఖానకు వచ్చేసరికి పదకొండయ్యేదట. ఆలోగా నా గీత పడిపోయేది.

మందు తాగిన గొర్రెకు మళ్లీ తాపకుండా కాపరులు జాజుతో, అంటే ఎర్రమట్టి రంగుతో, గుర్తు పెడతారు. ఏ రోజు తాపితే ఆ రోజుకు ఒక గుర్తు, నొసటి మీద బొట్టు, వీపు మీద గీత, తుంటి మీద చుక్క, ఒకటి కుడికి, ఒకటి ఎడమకు. వాన చుక్క లేని కాలం, ఒక్క గుర్తూ చెదరలేదు. ముసలాయన కర్రతో ఒక్కో గొర్రెను చూపిస్తూ చెప్పుకుపోయాడు. "గీ నొసటి బొట్టు అమాస తెల్లారి సోమారం. గీ రెండు గీతలు మంగళారం. తుంటి మీద చుక్క బేస్తారం నాడు, ఆ నాడు బిడ్డ కాలికి ముల్లు గుచ్చుకుంటే మా ఆమెనే తీసింది." నేను మర్నాడు హాజరు పుస్తకం పట్టుకుని కాంపౌండరును వెంటేసుకుని మళ్లీ వెళ్లాను. నేను తారీఖు చదవడం, ముసలాయన గుర్తు చూపడం. పదహారు ఎర్ర గీతలకు పదహారు జాజు గుర్తులు దొరికాయి. ఒక్కటీ తప్పలేదు. కాంపౌండరు అప్పుడు మెల్లగా, తనకు మొదటి నుంచీ తెలుసునని, మందు సీసాలు ఇచ్చింది తనేనని, నాకు చెప్పడానికి భయపడ్డానని అన్నాడు. అతణ్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు.

ఆ సాయంత్రమే నా చేతిరాతతో ఉత్తరం రాశాను. ముప్పయ్యేళ్ల కొలువులో నేను పొరపాటు చేశాను అని రాసిన మొదటి కాగితం అది. పోస్టును నమ్మక, బస్సెక్కి నేనే కాలేజీకి తీసుకుపోయి ఇచ్చాను. అక్కడి క్లర్కు దాన్ని రెండుసార్లు చదివి, అధికారులు ఇట్లా రాయడం చూడలేదండీ అని, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. ఆగిన స్టైపెండు విడుదల చేస్తారని, కాని కాగితం పైకి పోయి రావాలి కాబట్టి రెండు నెలలు పట్టవచ్చని చెప్పాడు. ఏదో ఘనకార్యం చేసినవాడిలాగా ఇంటికి వచ్చి మా ఇంటామెకు చెప్పాను. ఆమె బియ్యం ఏరుతున్న చాట కింద పెట్టి నా ముఖం చూసింది.

"ఇప్పుడు పోయి ఏం తెచ్చినవు? మెస్సు బాకీ కట్టకపోతే పరీక్షకు కూసోనియ్యమన్నరట. మొన్న ఐతారం సంతల ఆ పన్నెండు తల్లి గొర్లను వాళ్ల బాపు అమ్మేసిండు. పిల్ల నిన్ననే నా కాడ ఏడ్చిపోయింది" అంది.



మర్నాడు దవాఖానలో ఆ పిల్లను పిలిచి, తప్పు నాదేనమ్మా అన్నాను. ఆమె కంగారుపడిపోయి, గట్లనకండి సార్, నేనే ముందుగాల చెప్పాల్సుండె, అంది. స్టైపెండు వచ్చాక ఆ గొర్రెలను మళ్లీ కొనుక్కోవచ్చు కదా, తక్కువ పడితే నేనిస్తాను అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. తల్లి గొర్రెలు ఊరికే దొరకవని, అవి తాత కాలం నుంచి ఆ మందలోనే ఈనుతూ వస్తున్న సంతతి అని, సంతలో ఎవరి లారీ ఎక్కాయో బాపుకు కూడా తెలియదని చెప్పింది. మందలేని కాపరి ఏం చేస్తాడని నేను అడగలేకపోయాను. హాలియా దిక్కు కాలువ కింద వరికోతలకు కూలికి పోతున్నాడని ఆ తర్వాత కాంపౌండరు ద్వారా తెలిసింది. మిగిలిన రోజులు ఆమె పొద్దుటే మందల దగ్గరికే వెళ్లింది, మిగిలిన మూడు మందలకూ మందు తాపించింది. వెంట నేనూ వెళ్లాను. నా మోకాళ్ల నొప్పులతో ఆ ఒడ్డు ఎట్లా ఎక్కి దిగానో నాకే తెలియదు.

స్టైపెండు వచ్చింది, చదువు అయిపోయింది, ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడో డాక్టరుగా ఉంది. ఏడాదికి ఒకసారి బతుకమ్మ నాడు ఫోను చేసి, మంచిగున్నరా సార్, మేడం మంచిగున్నదా అని అడుగుతుంది. నన్ను ఒక్క మాట అనలేదు. ఒక్కసారైనా అని ఉంటే బాగుండేదని నాకుంటుంది.

కాలం మారింది. ఇప్పటి పిల్లలు తమకు రావలసింది పదిమంది ముందు కూర్చుని అడుగుతున్నారు. అది పొగరని మనవాళ్లు కొందరు అంటారు. నాకు మాత్రం ముచ్చటేస్తుంది. అయితే ఒక మాట దాచుకోకుండా చెప్పాలి. ఆ పిల్ల అడగలేదు, అడిగి ఉంటే ఆ మంద ఉండేది అని ఇన్నేళ్లూ లోపల ఒక సాకు పెట్టుకుని నన్ను నేను ఓదార్చుకుంటూ వచ్చాను. ఆ ఫోటో చూశాక ఆ సాకు నిలబడలేదు. ఆమెకప్పుడు ఇరవై మూడేళ్లు. గది కిరాయి నుంచి పట్టా దాకా అన్నీ నా సంతకం మీద ఆధారపడి ఉన్న పిల్ల. నేను ఆ కుర్చీలో కూర్చున్న పెద్దమనిషిని. పదహారు పొద్దుల్లో ఏ ఒక్కనాడైనా పెన్ను పక్కన పెట్టి, ఎక్కడి నుంచి వస్తున్నావు బిడ్డా అంటే సరిపోయేది. అడగవలసింది ఆమె కాదు, నేను.