శివుడు వచ్చేదాకా: మా బాపు పటం కోసం సూరత్ ప్రయాణం

పదో తరగతి పరీక్షల తర్వాత నేను ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారి. మన నాలుగిళ్ల వాళ్లం మాత్రమే చదువుకునే ఈ బ్లాగులో రాయమని తమ్ముడు ఎన్నోసార్లు అడిగినా, నాకెందుకులే అని తప్పించుకున్నాను. సూరత్‌లోని నేతవాళ్ల సంఘం ఇప్పుడు మీ ఇండ్లకు కూడా ఫోన్లు చేస్తోందని తెలిసి కలం పట్టాను. పోవాలా వద్దా, సంతకం పెట్టాలా వద్దా అని మీరంతా అడుగుతున్నారు కదా.

కొత్త కోడళ్లకు తెలియకపోవచ్చు. మనం కూనపులి వాళ్లం. పద్మశాలీల ఇండ్ల ముందు, చేర్యాల చిత్రకారుడితో గీయించుకున్న బొమ్మల పటం కట్టి, ఒక్కో బొమ్మా చూపిస్తూ మార్కండేయుని కథ చెప్పడం మా బాపు వృత్తి. ఆయన ఆఖరుసారి సూరత్ వెళ్లి అక్కడ స్థిరపడిన మన పద్మశాలీలకు కథ చెప్పినప్పుడు, సంఘం వాళ్లు పటమంతా ఫోటోలు తీసి, ఆయన గొంతు రికార్డు చేసుకున్నారు. తర్వాత ఆ చిరిగిన పటాన్ని ఆచారం ప్రకారం పూజ చేసి గోదావరిలో కలిపాము. కొన్నాళ్లకు బాపు కూడా పోయాడు. ఇప్పుడు ఆ ఫోటోలు, ఆ గొంతు ఇంటర్నెట్‌లో పెడతాం, వారసులుగా ఆయన పిల్లలం మేము అనుమతి ఇవ్వాలి అన్నారు. అవి ఎవరి చేతిలో పడతాయోనని తమ్ముడికి భయం. "నువ్వు పోయి చూసి రా అక్కా. నువ్వెట్లంటే గట్లనే" అన్నాడు.

వరంగల్‌లో సాయంత్రం అహ్మదాబాద్ రైలు ఎక్కితే మర్నాడు మధ్యాహ్నం దాటాక సూరత్‌లో దిగుతాం. స్లీపర్ టికెట్ ఆరు వందల లోపే. పులిహోర కట్టుకుపోతే దారిలో ఇబ్బంది ఉండదు. స్టేషన్ బయట చుట్టాలుండే డిండోలి పేటకు షేర్ ఆటోలు దొరుకుతాయి కానీ, సంచులున్నాయని నేను ఒక్కదాన్నే ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవర్‌ది సిరిసిల్ల దిక్కు. రింగ్ రోడ్ మీద చీరల మూటల బండ్ల మధ్య ఇరుక్కుపోయాము. పక్క బండిలో మూట విప్పి ఉంది. పైచీర అంచు నిండా పటంలోని బొమ్మల్లాంటి మనుషులు, ఎర్రరంగు మీద.

"గివి ఎక్కడియి తమ్మీ?" అని అడిగాను.

"గా కంప్యూటర్లకెళ్లే తీస్తరక్కా. నెట్‌ల బొమ్మ కండ్లబడ్డదా, రేపటికల్లా చీర మీద ఉంటది. దేవుడా, దయ్యమా అని అడగరు."

మా శివుణ్ని ఎవరో కట్టుకుని, పిండి, ఆరేస్తారా?

డిండోలిలో మా మేనత్త కూతురు సుజాత వదిన ఇంట్లో దిగాను. మర్నాడు సోమవారం, ఉపవాసం. "శివుని పని మీదొచ్చినవ్, తిండి గూడ శివునికే మిగిలిస్తవా? నీలాంటి చుట్టాలు వారం వారం రావాలె" అని వదిన నవ్వింది. దీపం పెట్టి, పది గంటలకు, సంఘం ఉన్న గోడాదరాకు షేర్ ఆటో ఎక్కాను. మనిషికి ఇరవై.

సంఘం గదిలో కంప్యూటర్ ముందు లావణ్య కూర్చుంది. సూరత్‌లోనే పెరిగిన పిల్ల, ఈ పనంతా ఆమె చేతిమీదే జరుగుతోంది. పేజీ తెరవగానే మొదటి బొమ్మ కనిపించింది. దున్నపోతు మీద యముడు, పసివాడి మెడలో పాశం. అంతే.

"గిది ముంగట పెట్టిండ్రేంది బిడ్డా?"

"మస్తుగుందని పెద్దమ్మా. ఆఫీసుల అందరికి గిదే పసంద్."

మా ఇంటి పద్ధతి ఆమెకు చెప్పాను. ఈ బొమ్మ దగ్గర పటం చుట్టకూడదు. శివుడు లింగంలోంచి వచ్చి యముణ్ని ఆపేదాకా చెప్పేవాడు ఆగడు, వినేవాళ్లు లేవరు. ఒకసారి పెద్దవాన వస్తే ఊరివాళ్లు నలుగురు టార్పాలిన్ ఎత్తి పట్టుకున్నారు. బాపు శివుడి బొమ్మ దాకా చెప్పాకే పటం చుట్టాడు.

లావణ్య మౌస్ వదిలేసి విన్నది. "అయ్యో, మాకెవ్వరు చెప్పలే" అన్నది.

"పటమే నీళ్లల్ల కలిసింది. ఇగ నేను వద్దన్నా ఏమైతది?"

"పటం పోయినా హక్కు పోదు పెద్దమ్మా. మా వకీలును అడిగినం. పైసలిచ్చి గీయించుకున్నది గనక, వేరే మాట లేకపోతే హక్కు మీ బాపుదే, ఆయన తర్వాత మీదే. గీసినాయన పేరు తప్పకుంట రాయాలె. గొంతుది వేరే హక్కు. మీరొద్దంటే మేం పెట్టం."

"మరి నేను షరతు పెట్టొచ్చునా?"

"అందుకే గదా పిలిచినం!"

యముని బొమ్మను విడిగా ఎవరికీ ఇవ్వొద్దు, బట్టల మీద అచ్చుకు ఒప్పుకోము, గీసిన పెద్దాయన పేరు ఉండాలి అన్నాను. చేర్యాలలో ఉన్న ఆయన కోడలికి సంఘం గదిలోంచే ఫోన్ చేసి, పేరు అడిగి రాయించాను. "మా మామ ఏ పటం మీదా పేరు రాసుకోలే అక్కా. దీపం పెట్టి ఆఖర్న బొమ్మల కండ్లు దిద్దేటోడు, గంతే" అని ఆమె ఏడ్చింది.

"దొంగతనం అసలే జరగదని చెప్పలేను" అన్నది లావణ్య. "చిన్నగ పెడ్తం. చీర మీద అచ్చు కొడితే మసకమసకగ పడ్తది. ఎవడన్న కొడితే కొట్లాడనీకి మీ కాగితం ఉంటది. ఫికర్ చేయకుండ్రి, యముణ్ని ఒక్కన్ని తోలం. వెంబడే శివుణ్ని పంపుతం." నా ముందే రెండు బొమ్మలనూ కలిపి ఒక్కటి చేసింది.

అప్పుడు బాపు గొంతు పెట్టమన్నాను. మధ్యలో దగ్గు, నీళ్లు అడగడం, మళ్లీ తాళాల మోత. శివుడు వచ్చాడు. నేను సంతకం పెట్టాను. అయినా రికార్డు ఆగలేదు. కథ చెప్పిన ప్రతిసారీ బాపు నాకు ఫోన్ చేసేవాడు. ఆ ఫోన్ కూడా అందులో పడింది. "కథ ఒడిసింది బిడ్డా. మార్కండేయుడు బతికిండు. నువ్వు తిన్నవా?"

ఆ ముక్క మాత్రం దాచండి, చూపకండి అన్నాను. అట్లా పెట్టడానికి వాళ్ల దగ్గర వేరే చోటు ఉందట.

ఇంటర్నెట్ అంటే తలుపు లేని ఇల్లనుకుని వెళ్లాను. అడిగితే తలుపు పెడతారని తెలిసింది. మన వృత్తి చేసేవాళ్లు మన ఇండ్లలో లేకపోయినా, గోడాదరాలో ఎవరో పిల్ల ఫోన్‌లో శివుడి దాకా వింటుందన్న ఆశతో తిరిగి వచ్చాను. మీరు వెళ్లేటప్పుడు మరణ ధ్రువపత్రం, అన్నదమ్ముల అక్కచెల్లెళ్ల ఒప్పుదల కాగితం వెంట ఉంచుకోండి. మొదటి నుంచి ఆఖరు దాకా చూసి, విన్న తర్వాతే సంతకం పెట్టండి. నేను రాసిన ఈ పేజీలలో బాపు ఫోన్ మాట ఉంది కనక, వీటిని కూడా దాచండి, బయటివాళ్లకు చూపకండి.