నిమిషానికి సున్నా పదాలు

2022 వర్షాకాలం. అప్పుడు నేను కొల్లేటి లంక గ్రామాల బడులకు క్లస్టర్ రిసోర్స్ పర్సన్‌ని. అంటే, నాకిచ్చిన బడులన్నీ తిరిగి టీచర్లకు సాయపడుతూ, పై ఆఫీసుకు వివరాలు పంపే ఉద్యోగం.

ఆ ఏడాది ఏలూరులో మాకు ఓరల్ రీడింగ్ ఫ్లూయెన్సీ పరీక్ష మీద శిక్షణ ఇచ్చారు. పిల్లలు ఒక్క నిమిషంలో ఎన్ని పదాలు తప్పు లేకుండా పైకి చదవగలరో లెక్కపెట్టడమే ఆ పరీక్ష. అమెరికాలో వాడి, ఆఫ్రికా దేశాల్లో వాడి, ఇప్పుడు మన దగ్గరికి తెచ్చారని తెర మీద బొమ్మలు వేసి చూపించారు. ప్రపంచమంతా చేస్తున్న పని మా లంకల్లోనూ చేయబోతున్నామని నాకు గర్వంగా అనిపించింది.

ఒక లంక బడిలో పరీక్ష పెడుతుండగా నాలుగో తరగతి నాగమణి వంతు వచ్చింది. ఫోన్‌లో మార్కులు ఎక్కించే యాప్ తెరిచి టైమర్ నొక్కాను. ఆ పిల్ల మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. పెదవులు వణుకుతున్నాయి, మెడ నరాలు బిగుసుకున్నాయి, మాట మాత్రం రాలేదు. నిమిషం అయిపోయింది.

టీచర్ సుజాత గారు దగ్గరికొచ్చారు. "ఆ పిల్లకి నత్తి ఉందండీ. చదువు బాగా వచ్చు. పలక మీద రాయించి చూడండి సార్."

రాయించాను. చదవమని ఇచ్చిన కథంతా తన మాటల్లో ఒక్క తప్పు లేకుండా రాసింది. ఆ రోజు నేను చూసిన పిల్లలందరిలో కథ అంత బాగా అర్థమైంది ఆమెకే.

"యాప్‌లో దీనికి చోటు లేదండీ," అన్నాను.

"పోనీ, ఆఫీసులో అడగండి."

"మళ్ళీ చూద్దాం లెండి. ఇంకో బడికి వెళ్ళాలి." సున్నా వేసి సబ్మిట్ నొక్కాను.

మార్కులను బట్టి పిల్లల్ని గ్రూపులు చేయమని ఉత్తర్వు వచ్చింది. నాగమణిని రెండో తరగతి పిల్లల మధ్య కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు. దసరా సెలవుల తర్వాత ఆమె బడికి రాలేదు.

వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ గుమ్మంలో వల బాగుచేస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది. "ఊళ్ళో వాళ్ళు దీన్ని మూగదనేవోరండి. చదువుంది కదాని నేను పట్టించుకోలేదండి. ఇప్పుడు గవర్నమెంటోళ్ళే బుర్ర లేదని రాసేశారు కదండీ!"

"నాదే తప్పమ్మా. ఒక్కసారి పిల్లని పిలవండి."

పిలిచింది. నాగమణి లోపలి నుంచి రాలేదు.

మార్కు మార్చమని ఆఫీసుకు రాశాను. ఒకసారి పంపిన వివరాలు మార్చడం కుదరదన్నారు. వేసవిలో ఆ కుటుంబం చేపల చెరువుల కాపలా పనికి వేరే ఊరు వెళ్ళిపోయింది. అక్కడ ఏ బడిలోనూ ఆమె పేరు నాకు దొరకలేదు.

ఆ పరీక్ష చెడ్డదని నేననను. చదవడం రాని పిల్లల్ని చాలామందిని అది బయటపెట్టింది. కానీ ఎన్ని దేశాలు తిరిగొచ్చిన పద్ధతైనా, ఎదురుగా కూర్చున్న పిల్లని చూసేది చివరికి మాలాంటి వాళ్ళమే. నేను చూశాను, తెలుసుకున్నాను. అయినా సున్నా వేశాను. ఇప్పుడు కొత్తవాళ్ళకు శిక్షణ ఇచ్చేటప్పుడు ముందుగా ఈ సంగతే చెబుతాను. వాళ్ళు శ్రద్ధగా రాసుకుంటారు. నాగమణికి మాత్రం దానివల్ల ఒరిగిందేమీ లేదు.