ఆ రంగులెవరు వేశారు?

"ఒసే, ఈ ఎలుగు మనం పుట్టకముందెప్పుడో బయలెల్లిందట," అన్నాడు మా ఆయన.

"నువ్వెల్లి సూసొచ్చేవేటి? అన్నీ అబద్దాలు," అన్నాను.

మా ఇద్దరి ఆఖరి మాటలు అవే. ఆసుపత్రి మంచం మీద, మనవరాలి ఫోన్‌లో, అంతరిక్షంలో తిరిగే దుర్భిణి తీసిన బొమ్మ చూస్తూ అన్నాడు. నేను టీ తెచ్చేసరికి పోయాడు. ఉద్యోగమంతా రైల్వే సిగ్నళ్లు చూసుకున్న మనిషిని, ఆఖరికి వెలుగు విషయంలోనే అబద్ధాలకోరును చేసి పంపాను. అది నిజమో కాదో తేలందే నాకు ముద్ద దిగలేదు.

మనవరాలు ఈ హిందీ ఊళ్ళోనే పుట్టి పెరిగి, ఇక్కడి కోని యూనివర్సిటీలో చుక్కల చదువే చదువుతోంది. కూర్చోబెట్టి అడిగాను. గాలి అడ్డం లేకుండా పైనుండే ఆ దుర్భిణికి మన కంటికి ఆనని వెలుగు కూడా కనిపిస్తుందని చెప్పింది. అంత దూరం నుంచి వెలుగు రావడానికే లెక్కలేనన్ని ఏళ్ళు పడుతుందట. అందుకే బొమ్మలో ఉన్నది ఇవాళ్టి ఆకాశం కాదట. మొదట్లో నక్షత్రాల గుంపులు చిన్నవే ఉండేవని చదువుకున్నవాళ్ళు అనుకున్నారట. తీరా చూస్తే అప్పటికే బాగా వెలిగేవి ఉన్నాయట. పాత లెక్కలు మళ్ళీ వేసుకుంటున్నారట.

నా అనుమానం పోలేదు. కంటికి ఆనని వెలుగైతే ఆ ఎరుపూ నీలమూ ఎక్కడివి? గట్టిగా అడిగితే నసిగింది.

"రంగులు తరవాత ఏస్తారు, అమ్మమ్మా."

దొరికిందనుకున్నాను. గోడ మీద ఫోటో చూపించాను. ఆయన పోయాక మా తార్‌బహార్ పేటలోని ఫోటో స్టూడియోవాడు డ్యూటీ చొక్కా చెరిపేసి నల్లకోటు తొడిగాడు. బతికినన్నాళ్ళూ కోటు ఎరగని మనిషికి.

"నీ బొమ్మా ఇలాటిదే కదేటి?"

"అచ్ఛా, ఇలాటిదే అనుకో. కోటు ఆళ్ళేసారు. మొహం తాతదే కదా?"

లేచి దగ్గరగా చూశాను. కనుబొమ మీద మచ్చ ఉంది. ఆయన మొహమే.

అయితే ఆయన నిజమే చెప్పాడు. జరిగిందంతా చెప్పి, నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని మనవరాలిని రాయమన్నాను. రాస్తోంది, తెలుగు రాయడం రాక నా మాటల్ని హిందీ అక్షరాల్లో. నేను కూడబలుక్కుని చదవగలిగే అక్షరం ఒక్కటీ ఆ కాగితం మీద లేదు. నన్ను మంచిదాన్ని చేద్దామని ఆ 'అబద్దాలు' అన్న మాట తీసేసిందేమో, ఎవరికి తెలుసు?

ఏదీ, మొదటినుంచీ చదువమ్మా. ఎక్కడైనా కోటు తొడిగావేమో వింటాను.